పేజీకి పేరు పెట్టే ముందు

ఊళ్ల గురించి, మనుషుల గురించి, చదివిన పుస్తకాల గురించి నోటు పుస్తకాల్లో రాసిపెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ రాతను ఈ మధ్య కొందరు కంప్యూటర్లోకి, ఫోన్లోకి మార్చుకుంటున్నారు. వాళ్లలో కొంతమంది సొంత వికీ పెట్టుకుంటున్నారు. వికీపీడియా మీరంతా చూసే ఉంటారు. ఒక పేజీ చదువుతుంటే మధ్యలో నీలం రంగు మాట కనిపిస్తుంది, దాన్ని నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. అదే పద్ధతిలో మనకోసం మనం రాసుకునేది సొంత వికీ. ఒక్కో విషయానికి ఒక్కో పేజీ, పేజీకొక పేరు, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లింకు, అంతే. ఇందుకు టిడ్లీవికీ అనే ప్రోగ్రాము 2004 నుంచీ ఉంది, అబ్సిడియన్ అనే ఇంకొకటి 2020లో వచ్చింది. వికీపీడియాను నడిపే మీడియావికీనే తమ కంప్యూటర్లో పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఏది వాడినా మొదటి రోజే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఈ పేజీకి ఏం పేరు పెట్టాలి?

పది పేజీలున్నప్పుడు ఏ పేరు పెట్టినా నడిచిపోతుంది. పేజీలు వందలు దాటాక, ఒకే చెరువు మూడు పేర్లతో మూడు చోట్ల తేలినప్పుడు, రాసిపెట్టుకున్నది మనకే దొరకనప్పుడు, ఆ ప్రశ్న ఎంత పెద్దదో తెలుస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఊళ్లూ చెరువులూ బళ్లూ మనుషులూ, వీటి గురించి నేను ఒక వికీ రాసుకుంటున్నాను. చిత్తూరు పేపర్లవాళ్లు పడమటి మండలాలు అనే ప్రాంతం ఇదే. పేజీకి పేరు పెట్టడంలో వచ్చే చిక్కులన్నీ ఈ మూడు ఊళ్ల చుట్టూనే కనిపిస్తాయి కాబట్టి ఉదాహరణలన్నీ ఇక్కడివే చెబుతాను.

ముందు మూడు ఊళ్ల పేర్లే తీసుకుందాం. వికీలో లింకు ఇవ్వడమంటే, వాక్యంలో ఆ పేజీ పేరును రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య పెట్టడం. ఇంగ్లీషువాళ్లకు ఇది సుళువు. ఊరి పేరు ఎక్కడ వచ్చినా అలాగే ఉంటుంది, దాని ముందు ఇంకో చిన్న మాట చేరుతుంది. మన భాషలో విభక్తి పేరు చివరకు వచ్చి అతుక్కుంటుంది. కొన్నిసార్లు పేరునే మార్చేస్తుంది. మదనపల్లెను చూడండి. మదనపల్లెలో, మదనపల్లెకు, మదనపల్లెను, మదనపల్లెతో. ఎన్ని చేర్చినా మదనపల్లె అనే మాట చెక్కుచెదరదు. బ్రాకెట్లు మూసి, వాటికి ఆనించి 'లో' అని రాస్తే చాలు. మీడియావికీలో ఆ 'లో' కూడా లింకులో కలిసిపోయి ఒకే మాటగా కనిపిస్తుంది.

పుంగనూరు దగ్గరికి వస్తే కొంచెం కదలిక మొదలవుతుంది. పుంగనూరులో అని రాస్తే పేరు అలాగే ఉంటుంది. పుంగనూరికి అంటే చివరి 'రు' కాస్తా 'రి' అయింది. నోటిమాటలో పుంగనూర్లో అంటాం, అక్కడ 'రు' పొల్లయిపోయింది. ఇక కుప్పం. కుప్పంలో అన్నప్పుడు, కుప్పం నుంచి అన్నప్పుడు ఇబ్బంది లేదు. కుప్పానికి, కుప్పాన్ని అన్నప్పుడు సున్నా పోయి దీర్ఘం వచ్చింది. బ్రాకెట్లలో 'కుప్పానికి' అని పెడితే, ఆ పేరుతో పేజీ ఎక్కడుందా అని కంప్యూటరు వెతుకుతుంది. దానికి కుప్పం వేరు, కుప్పానికి వేరు.

ఈ చిక్కు తప్పించుకోవడానికి చాలామంది 'కుప్పంకు వెళ్లాను', 'గ్రామంకు తూర్పున' అని రాస్తున్నారు. ఇంటర్నెట్లో తెలుగు చదివేవాళ్లకు ఈ 'గ్రామంకు' బాగా కనిపిస్తూనే ఉంటుంది. ఇది నాకు అసలు నచ్చని పని. మిషను సౌకర్యం కోసం మన వాక్యాన్ని వంచకూడదు. దానికి మార్గం వికీలోనే ఉంది. మీడియావికీలోనూ అబ్సిడియన్లోనూ అయితే బ్రాకెట్లలో ముందు పేజీ పేరు, తర్వాత ఒక నిలువుగీత, ఆ తర్వాత వాక్యంలో కనిపించాల్సిన రూపం. కుప్పం, నిలువుగీత, కుప్పానికి. చదివేవాళ్లకు 'కుప్పానికి' కనిపిస్తుంది, నొక్కితే కుప్పం పేజీ తెరుచుకుంటుంది. నాలుగు అక్షరాలు ఎక్కువ కొట్టాలి, కొడదాం. పైగా తెలుగులో 'కుప్పం పోయినాము' అన్నా సరిపోతుంది, అక్కడ ఏ విభక్తీ అక్కర్లేదు.

దీన్నిబట్టి నేను పెట్టుకున్న మొదటి నియమం ఇది. పేజీ పేరు ఎప్పుడూ విభక్తి లేని మూలరూపంలో, ఏకవచనంలో ఉండాలి. ఏకవచనం ఎందుకంటే, పుంగనూరు ఆవు అనే పేజీ ఉందనుకోండి. ఆవుకు, ఆవును, ఆవుతో, ఏది చేర్చినా ఆవు నిలిచే ఉంటుంది. పేజీని 'పుంగనూరు ఆవులు' అని పెడితే ఆవులకు, ఆవుల్ని అన్నప్పుడల్లా 'లు' మారిపోతుంది, ప్రతిసారీ నిలువుగీత కావాలి. మూడడుగుల ఎత్తుండే ఆ ఆవు గురించి రాసేటప్పుడు ధ్యాస ఆవు మీద ఉండాలి గాని బ్రాకెట్ల మీద ఉండకూడదు.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పాలి. మొట్టమొదటి వికీని వార్డ్ కనింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామరు 1995లో పెట్టాడు. అందులో బ్రాకెట్లు లేవు. రెండు మూడు ఇంగ్లీషు మాటల్ని ఖాళీ లేకుండా అతికించి, ప్రతి మాట మొదటి అక్షరాన్ని పెద్దక్షరంగా రాస్తే అదే లింకయ్యేది. 2001 జనవరిలో వికీపీడియా మొదలైంది కూడా ఆ పద్ధతితోనే. ఆ ఏడాదే బ్రాకెట్ల పద్ధతి వచ్చింది. అది రాకపోయి ఉంటే తెలుగులో వికీ రాయడమే కష్టమయ్యేది. మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అనే తేడా లేదు కదా. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యేనాటికి బ్రాకెట్ల పద్ధతి స్థిరపడి ఉంది.

ఇప్పుడు వర్ణక్రమం సంగతి. తంబళ్లపల్లె అనే ఊరుంది, మదనపల్లెకు ఉత్తరాన. 'ళ' కింద 'ల' వత్తు పెట్టి రాసేవాళ్లు కొందరు, 'ళ' వత్తు పెట్టి రాసేవాళ్లు కొందరు. మన కంటికి రెండూ ఒకటే, కంప్యూటరుకు రెండు ఊళ్లు. మదనపల్లె, మదనపల్లి. చౌడేపల్లె, చౌడేపల్లి. రిషివ్యాలీ అని కలిపి రాస్తే ఒకటి, రిషి వ్యాలీ అని విడదీస్తే ఇంకొకటి, 'ఋ'తో మొదలుపెడితే మరొకటి. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది హార్స్‌లీ హిల్స్. 'స' కింద 'ల' వత్తు పడకుండా పొల్లు విడిగా నిలబడాలంటే, ఆ రెండు అక్షరాల మధ్య కంటికి కనిపించని గుర్తు ఒకటి పెట్టాలి. ఇక 'హిల్స్' తర్వాత 'లో' చేర్చి రాసినప్పుడు అదే గుర్తు అక్కడా కావాలి. ఆ వాక్యం నుంచి కొండ పేరును కాపీ చేసుకుని పేజీకి పేరుగా పెట్టారనుకోండి, ఆ గుర్తు కూడా చివర వేలాడుతూ వచ్చేస్తుంది. అప్పుడు ఒకే పేరుతో పేజీలు రెండు తయారవుతాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసినా తేడా కనిపించదు. అందుకే పేజీ పేరును ఎప్పుడూ కాపీ చేయకుండా చేత్తో టైపు చేయడం మంచిది. పేపర్లలో వచ్చే 'హార్సిలీ హిల్స్' అనే రూపానికి ఆ కనిపించని గుర్తు కొండ పేరు మధ్యలో అవసరమే లేదు, అందుకే నా పేజీకి ఆ రూపమే పెట్టుకున్నాను.

మిగతా రూపాలను ఏం చేయాలి? పారేయకూడదు. వాటిలో ఏది కొట్టినా అసలు పేజీకే చేర్చే ఏర్పాటు వికీలో ఉంది, దాన్ని తెలుగు వికీపీడియాలో 'దారిమార్పు' అంటారు. 'తంబళ్లపల్లె' ఏ వత్తుతో కొట్టినా చేరేది ఒకే పేజీకి. అబ్సిడియన్లో అయితే ఒక పేజీకి మారుపేర్లు రాసిపెట్టుకోవచ్చు. ఎవరు ఎలా రాసినా తప్పు అనకుండా సరైన చోటికి చేర్చడమే దారిమార్పు పని.

హార్సిలీ కొండకు ఇంకో పేరుంది. కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్స్‌లీ అక్కడ వేసవి విడిది కట్టుకోకముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. మదనపల్లెకు తూర్పున ఇంకో ఊరుంది. సర్కారు లెక్కల్లో వాల్మీకిపురం, జనం నోట్లో వాయల్పాడు. వీటిలో ఏది పేజీ పేరు కావాలి, ఏది దారిమార్పు కావాలి? కొండకు కొత్త పేరునే పేజీ పేరుగా పెట్టాను, ఊరికి పాత పేరునే ఉంచాను. చూడ్డానికి పొంతన లేనట్టుంటుంది గాని రెంటికీ సూత్రం ఒకటే. వాక్యం రాస్తూ ఉండగా ఆలోచించకుండా చేతికి వచ్చే పేరు ఏదైతే అదే పేజీ పేరు. 'మొన్న వాయల్పాడు పోయినాము' అని రాస్తాం, 'హార్సిలీ హిల్స్ ఎక్కినాము' అని రాస్తాం. పేజీ పేరు కోసం కలం ఆగిందంటే ఆ పేరు కుదరలేదనే అర్థం. అయితే ఏనుగు మల్లమ్మకు నేను వేరే పేజీ పెట్టాను. ఏనుగులు సాకిన పిల్లగా చెప్పుకునే ఆ కథ ఒక కొండకు పాత పేరుగా మిగిలిపోవాల్సింది కాదు, అదే ఒక విషయం.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తాను. ఒకే పేరున్న ఊళ్లు మనకు లెక్కలేనన్ని. కొత్తపల్లెలెన్ని, రామాపురాలెన్ని! వాటిని విడదీయడానికి ఎవరికైనా మొదట తోచేది, పక్కన జిల్లా పేరో మండలం పేరో చేర్చడం. తెలుగు వికీపీడియాలో ఊరి పేరు పక్కన బ్రాకెట్లో మండలం పేరు పెడతారు, ఒకే పేరున్న వాటన్నిటినీ ఒకచోట చూపే పేజీని 'అయోమయ నివృత్తి' అంటారు. వేలమంది చదివే విజ్ఞాన సర్వస్వానికి అది తప్పదు. సొంత వికీకి మాత్రం ఇది నేను ఒప్పుకోను. ఎందుకో మదనపల్లె చరిత్రే చెబుతుంది.

1911 ఏప్రిల్ 1కి ముందు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. ఆ రోజు చిత్తూరు జిల్లా ఏర్పడింది. ఉత్తర ఆర్కాడు జిల్లా నుంచి కొన్ని ప్రాంతాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కలిపారు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, పుంగనూరు, కుప్పం అప్పుడు చిత్తూరులోనే ఉండిపోయాయి. ఆ తర్వాతా జిల్లాల మీద మార్పులు చేర్పులు ఆగలేదు. ఊరు అడుగు కూడా కదల్లేదు, దాని చుట్టూ గీతలే మారాయి. 'మదనపల్లె, చిత్తూరు జిల్లా' అని పేజీకి పేరు పెట్టుకున్నవాళ్లకు 2022లో ఆ పేరు అబద్ధమైపోయింది. 1911కు ముందు రాసిన భూమి కాగితం మీద 'కడప జిల్లా, మదనపల్లె తాలూకా' అని ఉంటుంది. ఆ కాగితం గురించి పేజీ రాసేటప్పుడు దాన్ని ఏ మదనపల్లెకు లింకు చేస్తాం?

మండలమైనా అంతే. మన రాష్ట్రంలో మండలాలు వచ్చింది 1985లో, ఎన్.టి. రామారావు ప్రభుత్వంలో. అంతకుముందు తాలూకాలు, ఫిర్కాలు. 2016లో తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, తర్వాత 33. వాటితోపాటు కొత్త మండలాలూ వచ్చాయి. అప్పుడు తెలుగు వికీపీడియాలో పనిచేసేవాళ్లు ఊళ్ల పేజీల్లో వాక్యాలు, వర్గాలు, పేర్లు దిద్దుకుంటూ పోవలసి వచ్చింది. జీతం లేకుండా, ఎవరూ అడక్కుండా చేసిన పని అది. వాళ్ల ఓపికకు దండం పెట్టాలి. మన సొంత వికీకి అంత సైన్యం లేదు, మనమొక్కరమే.

వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1998లో ఇదే మాట వెబ్ చిరునామాల గురించి రాశాడు. రాసినవాళ్ల పేరు, విషయ విభాగం, ముసాయిదానా ఖాయమా అన్న సంగతి, ఇలాంటి రేపు మారే వివరాలేవీ చిరునామాలో పెట్టవద్దన్నాడు. ఆయన చెప్పినది మదనపల్లెకు అచ్చంగా సరిపోతుంది. మారేది పేజీ లోపల రాసుకోవాలి, మారనిది పేరులో పెట్టుకోవాలి. మదనపల్లె పేజీ మొదటి పేరాలో 1911కు ముందు కడప జిల్లా, తర్వాత చిత్తూరు, 2022లో అన్నమయ్య అని రాసి, ఒక్కొక్క జిల్లాకూ లింకు ఇస్తే సరిపోతుంది. పేరు మాత్రం మదనపల్లె.

మరి రెండు కొత్తకోటలను ఎలా విడదీయాలి? దీనికి జవాబు మన పెద్దవాళ్లు ఎప్పుడో ఇచ్చారు. బి.కొత్తకోట అంటామే, ఆ 'బి' బీరంగి. పక్కనున్న బీరంగి పేరు చేర్చి బీరంగి కొత్తకోట అన్నారు. నెల్లూరు ఇంకొకటి ఉంది కాబట్టి ఇక్కడిది గంగాధర నెల్లూరు, జనం నోట్లో జీడీ నెల్లూరు. కుప్పం వైపు వీకోట అంటే వెంకటగిరికోట, చీరలకు పేరున్న వెంకటగిరికీ దానికీ సంబంధం లేదు. తిప్పసముద్రాలు రెండుంటే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పీటీఎం, సీటీఎం. రైల్వేవాళ్లు కూడా ఇదే పని చేశారు. పాకాల, ధర్మవరం లైన్లో సీటీఎం దగ్గరున్న స్టేషను మదనపల్లె టౌనుకు చాలా దూరం కాబట్టి దానికి మదనపల్లె రోడ్డు అని పేరు పెట్టారు. ఈ పేర్లలో ఎక్కడా జిల్లా లేదు, తాలూకా లేదు. కొండ, కోట, పక్క ఊరు, పెద్దదా చిన్నదా, ఇవే ఉన్నాయి. అందుకే నా నియమం ఇది. ఒక్కటే ఉన్నంతకాలం ఊరి పేరు ఒక్కటే చాలు. రెండోది ఎదురైన రోజున, అక్కడివాళ్లు దాన్ని ఎలా విడదీసి పిలుస్తారో అడిగి ఆ పేరు పెట్టుకోవడం. రేపెప్పుడో రెండోది రావచ్చని ముందే ప్రతి ఊరికీ తోకలు తగిలించకూడదు.

పొడి అక్షరాల విషయంలో మాత్రం జాగ్రత్త. బి.కొత్తకోట అని చుక్క పెట్టి రాసేవాళ్లు, చుక్క తర్వాత ఖాళీ వదిలేవాళ్లు, 'బీ కొత్తకోట' అనేవాళ్లు, ఇలా రూపాలు చాలా ఉంటాయి. ఇలాంటి చోట పూర్తి పేరుతో పేజీ పెట్టి, పొట్టి పేర్లన్నిటినీ దారిమార్పులు చేయడమే మేలు. చేతికి ముందు వచ్చేది పొట్టి పేరే కదా అంటారేమో. నిజమే, దారిమార్పు ఉంది కాబట్టి వాక్యంలో సీటీఎం అనే రాసుకోవచ్చు. పేజీ నెత్తిన మాత్రం చిన్నతిప్పసముద్రం ఉంటే, ఆ మూడక్షరాలు ఏమిటో మన తర్వాత చదివేవాళ్లకు తెలుస్తుంది.

మనుషుల పేర్ల దగ్గర ఇంకో రకం చిక్కు. ఇంటి కథ రాసుకునేవాళ్లు సహజంగా 'అబ్బ', 'అవ్వ', 'పెద్దనాయన' అని పేజీలు పెడతారు. మా వైపు తాతను అబ్బ అంటాం. నాకు అబ్బ అయిన మనిషి మా నాయనకు నాయన, నా పిల్లలకు ముత్తాత. వరస మనం నిలబడిన చోటునుంచి లెక్క. పేజీ పేరు ఎవరు చదివినా ఒకే మనిషిని చూపాలి. కాబట్టి పేజీకి ఇంటిపేరు, ఆ తర్వాత అసలు పేరు. జిడ్డు కృష్ణమూర్తి అంటామే, అలాగ. ఆయన పుట్టింది మదనపల్లెలోనే, 1895లో. ఇంటిపేరు ముందుంటే అక్షర క్రమంలో ఒక ఇంటివాళ్లంతా ఒకచోట చేరతారు. మనవడికి తాత పేరు పెట్టే ఆనవాయితీ మనది కాబట్టి ఒకే ఇంట్లో ఒకే పేరు రెండు మూడు తరాలకు వస్తుంది. అక్కడ పుట్టిన సంవత్సరం చేర్చాలి.

ఆడవాళ్ల పేజీల దగ్గర నేను చాలా ఆలోచించాను. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. మెట్టినింటి పేరుతోనే పేజీ పెడితే ఆమె పుట్టిన ఊరు, అన్నదమ్ములు, చదివిన బడి, చిన్ననాటి స్నేహితులు, అన్నీ ఆ పేజీకి బయటే మిగిలిపోతాయి. పాత ఉత్తరాల్లో, బడి రికార్డుల్లో ఆమె వేరే పేరుతో ఉంటుంది, ఆ మనిషీ ఈ మనిషీ ఒకరేనని ఎవరికీ తెలియదు. అందుకే పుట్టింటి పేరుతో పేజీ పెట్టి, మెట్టినింటి పేరును దారిమార్పుగా పెడుతున్నాను. మన ఇళ్ల చరిత్రల్లో ఆడవాళ్ల జాడ ఇట్టే తెగిపోతుంది. పేజీ పేరు దానికి కారణం కాకూడదు.

పేరు కుదిరాక లింకు. ఇక్కడ నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. లింకు వాక్యంలోనే ఉండాలి. పేజీ చివర 'ఇవి కూడా చూడండి' అని పది పేర్లు వరసగా పెడితే, ఎందుకు చూడాలో ఆరు నెలల తర్వాత మనకే గుర్తుండదు. ఉదాహరణకు మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ పేజీ ఉంది. 1915లో మొదలైన కాలేజీ, ఊళ్లో బీటీ కాలేజీ అంటాం. దాని కింద 'చూడండి: జనగణమన, ఠాగూరు, మార్గరెట్ కజిన్స్' అని పెట్టవచ్చు. దాని బదులు ఇలా రాయవచ్చు. '1919లో రవీంద్రనాథ్ ఠాగూరు ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ పిలుపు మీద ఇక్కడికి వచ్చి ఉన్నప్పుడు జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి రాశారు.' లింకులు అవే. ఇప్పుడు ఎవరికి ఎవరితో ఏ సంబంధమో వాక్యమే చెబుతోంది. కజిన్స్ పేజీ నుంచి వెనక్కి వచ్చినా ఆ వాక్యమే ఎదురవుతుంది.

వెనక్కి రావడమనే సౌకర్యం వికీకి ప్రాణం. మీడియావికీలో ప్రతి పేజీ పక్కనా 'ఇక్కడికి లింకున్న పేజీలు' అని ఒక జాబితా ఉంటుంది. అది మనం రాసేది కాదు, దానంతటదే తయారవుతుంది. 1911 అనే పేజీలో నేను ఒక్క ముక్కా రాయలేదు. ఏ పేజీలో 1911 వచ్చినా లింకు ఇచ్చాను, అంతే. ఆ ఏడాది సంగతులన్నీ ఆ పేజీ వెనక చేరాయి. తేదీని పేజీకి పేరుగా పెట్టేటప్పుడు ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు, నెలా రోజూ రెండేసి అంకెల్లో పెడితే పేజీలు కాలక్రమంలో నిలబడతాయి. రోజు ముందు పెడితే అన్ని నెలల ఒకటో తేదీలూ ఒకచోట కూడతాయి. అంకెలు కూడా తెలుగువైతే అన్నీ తెలుగువి, ఇంగ్లీషువైతే అన్నీ ఇంగ్లీషువి ఉండాలి.

అలాగని కనిపించిన ప్రతి మాటకూ లింకు ఇవ్వకూడదు. చెరువు, వాన, టమాటా అని రాసిన ప్రతిసారీ బ్రాకెట్లు పెడితే ఆ జాబితాలో పనికొచ్చేది దొరకదు. ఒక పేజీలో ఒక పేరు మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క లింకు చాలు. మదనపల్లె టమాటా మార్కెట్టు గురించి రాస్తే ఆ మార్కెట్టుకు లింకు, టమాటాకు అక్కర్లేదు.

పేజీలకు మాటలకు బదులు నంబర్లు పెట్టుకునే పద్ధతీ ఉంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ తన కాగితపు కార్డులకు నంబర్లు వేసి, తొంభై వేల దాకా కార్డులు పోగేశాడు. నంబరు ఎప్పటికీ మారదు, అది దాని బలం. కానీ నంబరును వాక్యంలో మాటలాగా రాయలేం. తెలుగు వాక్యం రాసుకుంటూ పోయేవాళ్లకు ఊరి పేరూ మనిషి పేరూ ఇచ్చే సౌఖ్యం అందులో లేదు. నాకు అది సరిపడలేదు.

చివరగా ఎర్ర లింకుల సంగతి. ఇంకా రాయని పేజీకి కూడా ముందే లింకు ఇవ్వవచ్చు. మీడియావికీలో అది ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని చూసి చాలామంది కంగారుపడి తీసేస్తారు. తీయకండి. వేర్వేరు పేజీల నుంచి ఒకే ఎర్ర మాటకు లింకులు పోగవుతున్నాయంటే, తర్వాత రాయవలసిన పేజీ అదేనని అర్థం. నా వికీలో ఇప్పుడు అలాంటి మాట కంగుంది. కుప్పం పేజీ నుంచి ఒక లింకు, ఎందుకంటే కుప్పం ఒకప్పుడు కంగుంది జమీందారీలోది. ఉత్తర ఆర్కాడు జిల్లా పేజీ నుంచి ఇంకొకటి, ఆ జమీందారీ అప్పట్లో ఆ జిల్లాలోది కాబట్టి. పుంగనూరు జమీందారీ పేజీలో పొరుగు జమీందారీల గురించి రాసిన చోట మరొకటి. ఊరికి ఒక పేజీ, కొండ మీది కోటకు ఒకటి, జమీందారీకి ఒకటి, మూడూ విడివిడిగా పెట్టాలనుకుంటున్నాను. ముందు ఊరి పేజీ మొదలుపెడతాను. కుప్పం వైపు శ్రోతల్లో ఎవరింట్లోనైనా కంగుంది జమీందారీ నాటి కాగితాలు ఉంటే, వాటి మీద ఆ ఊరి పేరు ఏ అక్షరాలతో రాసి ఉందో చూసి పెట్టుకోండి. ఆ రూపాలన్నీ దారిమార్పులకు కావాలి.